ఎడమ మూలలో బరువు

మునిశామప్ప మూడోసారి కూడా అదే మాట అన్నాడు.

"బోట్లో ఇద్దరమే ఉంటిమి సార్. ధనుంజయ స్టీరింగు కాడ, నేను నడిమధ్యలో. వీణమ్మ నీళ్ళల్లో పలక మీద. ఇంగెవురూ లేరు."

మొదటిసారి అమరేష్ కళ్ళలోకి చూస్తూ అన్నాడు. రెండోసారి జెట్టీ చెక్కలవైపు చూశాడు. మూడోసారి చేతిలో ఉన్న గ్రీజు గుడ్డవైపు చూశాడు. మాట మాత్రం ఒక్క అక్షరం కూడా మారలేదు. అలా మారకుండా చెప్పేవాడు తను చూసింది చెప్పడం లేదని, ఎవరో నేర్పింది ఒప్పజెబుతున్నాడని పోలీసు ఉద్యోగంలో గడిపిన పదకొండేళ్ళలో అమరేష్‌కి బాగా తెలిసొచ్చింది. కానీ ఆ ఉద్యోగం వదిలేసి ఆరేళ్ళయింది. ఇప్పుడతనికి ఉన్నదల్లా చింతామణి బస్టాండు ఎదురుగా మేడమీద ఒక గది, గది ముందు 'డిటెక్టివ్' అని రాసిన బోర్డు. ఎదుటివాడు చెప్పనంటే సరేనని లేచి రావాల్సిందే.

ఆదివారం సాయంత్రం దేవరగుట్ట డ్యాములో వీణ చచ్చిపోయింది. ఇవాళ గురువారం. బాగేపల్లి దాటాక ఇరవై రెండు కిలోమీటర్ల లోపల ఉన్న ఈ డ్యాము ఒడ్డున ఒక బెంగళూరు ఆసామి రిసార్టు కట్టి, అమెరికా నుంచి పాత బోటొకటి తెప్పించాడు. ఆ బోటు వెనక లేచే అల మీద తాడు పట్టుకోకుండా పలక మీద నిలబడే ఆటను గెస్టులకు నేర్పడానికి ఇరవై నాలుగేళ్ళ వీణను పెట్టుకున్నాడు. ఆమె అల మీంచి పడిపోతే, ఎక్కించుకోవడానికి వెనక్కి తిరిగిన బోటు ఆమె తలకే తగిలింది. బోటు తోలిన ధనుంజయ తాగి ఉన్నాడని, అజాగ్రత్తగా తోలాడని కేసు రాశారు. తప్పు నాదేనని ధనుంజయ సంతకం కూడా పెట్టాడు.

నమ్మనిది ఒక్కరే. చనిపోయిన పిల్ల తల్లి జయలక్ష్మమ్మ.

"రెండు నెల్లు ఆ పిల్లోణ్ణి నమ్మి నీళ్ళల్లోకి దిగిందప్పా నా బిడ్డ," అంది ఆమె నిన్న సాయంత్రం చింతామణిలో తన ఇంట్లో. లోపలి గదిలో ఆమె భర్త వెంకటరాయప్ప గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నాలుగు రోజులుగా ఆయన బట్టల అంగడి తలుపు తీయలేదు. "ఫోన్లో ఎప్పుడూ చెప్తాండె, ధనుంజయ బోటు తోలితే ఉయ్యాల్లో కూచున్నట్టుంటాదమ్మా అని. వాడే గుద్దినాడని నాకు నమ్మకం కుదిరితే వాణ్ణి తిట్టుకోనన్నా ఏడుస్తాను. ఇప్పుడు ఎవుర్ని తిట్టుకోవల్లో కూడా తెలీకుండా ఉండాది."

ఆమె చేతిలో వీణ సంచి ఉంది. బోటులో పడి ఉన్న వీణ కెమెరాను మునిశామప్పే ఆ సంచిలో పెట్టి ఇంటికి పంపించాడు. అందులో చివరి ఫోటో అమరేష్ స్టూడియోలో కడిగించి తెచ్చుకున్నాడు. ఇప్పుడది ప్లాస్టిక్ కవరులో అతని చొక్కా జేబులో ఉంది. వీణ పలక మీద మోకాళ్ళు కొంచెం వంచి నిలబడి ఉంది. ఎడమ పక్కన అల నున్నగా, గాజుపలకలాగా లేచింది. బోటులో ఉన్నవాళ్ళెవరూ కనబడరు. వెనక అంచు మాత్రం సరిగ్గా మధ్యకు కనబడుతుంది. ఫోటో తీసినవాడు బోటు నడిమధ్యలో నిలబడ్డాడన్నమాట. మూలన టైము: నాలుగూ నలభై రెండు.

మునిశామప్పతో అమరేష్ మాట దారి మార్చాడు. "సరేలేప్పా. ఆ అల సంగతి చెప్పు. ఊరికే పోతే అంత అల లేస్తాదా?"

మునిశామప్ప ముఖం కొంచెం తేటపడింది. బోటు సంగతి అడిగితే అతనికి భయముండదు.

"ఊరికే యాడ లేస్తాది సార్. బోటు ఎడమపక్కకి ఒరగల్ల. అందుకే నీళ్ళ సంచులు పెట్టేది. ఎడమ వెనక సంచి నిండా నింపుతాము, మూడు వందల యాభై లీటర్లు పడతాది. కుడి వెనక సంచి ఖాళీ. ముందర సంచి సగం. గంటకి పదారు కిలోమీటర్ల మీద పోతే ఎడమపక్క అల నిలబడతాది."

"ముందర సంచి ఎందుకు మళ్ళ?"

"బరువంతా వెనకనే ఏస్తే అల ఎత్తుగా లేస్తాది గానీ పొట్టిదైపోతాది సార్. ముందర కొంచెం ఏస్తే పొడుగొస్తాది. ఇదంతా వీణమ్మ, ధనుంజయ కనిపెట్టిందే. మొదట్లో అల నురగ నురగగా ఇరిగిపోతాండె. ఆయమ్మ నీళ్ళల్లో నించే చెయ్యెత్తి సైగ చేస్తాండె, ముందర నింపు, వెనక తియ్యి అని. ధనుంజయ ఒక నోటుబుక్కులో రాస్తాండె. కన్నడ అక్షరాలు, తెలుగు మాటలు." అతను ముక్కుతో చిన్నగా నవ్వాడు. "మనిషి బరువు కూడా లెక్కే సార్. మేమిద్దరమే ఉంటే ఎడమ మూల సీటు మీద చిన్న సంచి నింపి పెడతాము, ఎనభై లీటర్లది. అది లేకుంటే అల నిలబడదు. ఎవురన్నా గెస్టు ఎక్కితే ఆయప్పని ఆ మూల కూచోబెడతాము. అప్పుడు చిన్న సంచి వద్దు."

చెప్పి ఆగిపోయాడు. తన నోటి నుంచి ఏం జారిందో అతనికి అప్పుడు అర్థమైంది.

"ఆదివారం చిన్న సంచి నింపినారా?" అమరేష్ నెమ్మదిగా అడిగాడు.

గ్రీజు గుడ్డ మునిశామప్ప వేళ్ళ మధ్య మెలి తిరిగింది. "నింపినాము సార్."

అమరేష్ ఒక లాయరు దగ్గర తెచ్చుకున్న మహజరు నకలు తీశాడు. ఆదివారం సాయంత్రమే, సంఘటన జరిగిన చోట ఏమేం ఉన్నాయో పోలీసులు రాసుకున్న కాగితం అది. వేలు పెట్టి చదివాడు. "ఎడమ వెనక సంచి నిండుగా ఉంది. కుడి వెనక సంచి ఖాళీ. ముందు సంచి సగం. చిన్న సంచి ఒకటి పెట్టెలో మడిచి ఉంది, పొడిగా ఉంది." తలెత్తాడు. "పొడిగా, మునిశామప్పా."

"అయితే నింపలేదేమో సార్."

"నింపకుంటే అల నిలబడదంటివి."

మునిశామప్ప పిల్లలున్న మనిషి. ఆ ముఖం చూస్తే అమరేష్‌కి ఇంకొక ప్రశ్న వేయాలనిపించలేదు.

అతను లేచి బోటు దగ్గరికి వెళ్ళాడు. జెట్టీకి కట్టేసి, అద్దానికి సీలు కాగితం అతికించారు. చెక్కల మీద బోర్లా పడుకుని బోటు ముందు భాగం అంతా చూశాడు. ఎడమవైపు, నీటి గీతకు జానెడు పైన, రెండు వేళ్ళ వెడల్పున నీలం రంగు గీత ఉంది. వీణ పలక అంచుకున్న నీలమే. కుడివైపు ఏమీ లేదు.

"ధనుంజయ మనుషుల్ని ఏ పక్క ఎక్కిస్తాడు?"

"కుడిపక్కే సార్. స్టీరింగు కుడిపక్క ఉండాది గదా. ఎడమపక్కకి తెచ్చుకుంటే నీళ్ళల్లో మనిషి కనపడదు."

రెండు నెలలపాటు రోజూ కుడిపక్కకు తెచ్చుకున్నవాడు ఆదివారం ఒక్కరోజు ఎడమపక్కతో ఎందుకు వచ్చాడు? తాగి ఉన్నాడంటే సరిపోతుంది. కోర్టుకూ అదే సరిపోతుంది. అమరేష్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. దొరికిన ప్రతిదానికీ అవతల ఒక సులువైన జవాబు సిద్ధంగా ఉంది.

మూడూ యాభైకి కట్ట మీద జీపు ఆగింది.

ముందు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ నందీశ్ దిగాడు. ఎత్తరి, భారీ మనిషి. వెనక నుంచి ఒక కానిస్టేబుల్, అతని పక్కన చేతికి బేడీతో ధనుంజయ. నాలుగు రోజుల గడ్డం, కళ్ళ కింద నలుపు. అతను బోటువైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నిందితుడి చేత చోటు చూపించుకుని, ఆ కాగితం రాసుకుని, బోటు సీలు తీసేయడానికి వచ్చారు. రేపు పొద్దున లారీ వచ్చి బోటును బెంగళూరుకు తీసుకుపోతుంది.

నందీశ్, అమరేష్ ఒకే ఏడాది ఎస్సైలుగా చేరారు. ఒకే గదిలో ఉండి ట్రైనింగ్ చేశారు.

"ఏమప్పా అమరేష్, ఇంత దూరం వచ్చినావు," అన్నాడు నందీశ్. "చింతామణిలో మొగుడూపెళ్ళాల కేసులు చాలడం లేదా?"

"వీణ వాళ్ళమ్మ పంపిస్తే వచ్చినా."

"కడుపుకోత. నాకూ తెలుసు. అయితే ఆయమ్మకి లేనిపోని ఆశలు పెట్టి నువ్వు బాగుపడేదేముండాది?"

"ఆశ కాదు, ఒక టైము అర్థం కాలేదు నాకు. నీకు కబురు వచ్చింది అయిదూ ఇరవైకి. నువ్వు డ్యాము చేరింది అయిదూ ముప్పైకి. నీ రాతే. బాగేపల్లి పోలీసు ఠాణె నుంచి ఇరవై రెండు కిలోమీటర్లు, సగం గుంతల దారి. నేను మధ్యాహ్నం వచ్చినా గదా, నలభై నిమిషాలు పట్టింది."

నందీశ్ కనురెప్ప కూడా కదలలేదు. "రౌండ్స్‌లో ఉంటిని. కబురు వైర్‌లెస్సులో వచ్చింది."

"యాడ రౌండ్స్?"

"నీకు చెప్పాల్నా?" అన్నాడు నందీశ్ గొంతు పెంచకుండా. "ఏ అధికారం మీద అడుగుతాండావు? కార్డు చూపించు. నీ బోర్డు మీద పేరు తప్ప ఇంకేమన్నా ఉండాదా నీ కాడ?"

అమరేష్‌కి చెవులు వేడెక్కాయి. ఆరేళ్ళుగా ఈ ఒక్క ప్రశ్నకే అతని దగ్గర సమాధానం లేదు. కోపం మింగి, అడుక్కునే గొంతుతోనే అడిగాడు.

"ఒక్కటే అడుగుతా. రేపు బోటు ఎళ్ళిపోతాది. అంతలోపల ఒకసారి నీళ్ళు నింపి తోలి చూడనీ. ఆ బరువుతో బోటు ఎంత దూరంలో నిలబడతాదో చూస్తా. నువ్వు రాసినట్టే ఉంటే రాత్రికే ఆయమ్మకి చెప్పి నా ఫైలు మూసేస్తా. ఇంగ నీ దారికి రాను."

నందీశ్ నీళ్ళవైపు చూశాడు. జయలక్ష్మమ్మ చిక్కబళ్ళాపురలో ఎస్పీ కచేరీకి రెండు అర్జీలు పెట్టిందని అతనికి తెలుసు. ఆమె నోరు మూయించగలిగితే అది అమరేష్ నోటితోనే అవ్వాలి.

"అర్ధగంట," అన్నాడు. "మునిశామప్ప తోల్తాడు. ఈ ధనుంజయ బోటెక్కేది లేదు."

ఎడమ సంచి నిండేసరికి నాలుగూ పది అయింది. పంపు గురగురమంటుంటే బోటు కొంచెం కొంచెంగా ఎడమకు ఒరిగింది. ముందు సంచి సగానికి చేరాక మునిశామప్ప పంపు ఆపేశాడు. చిన్న సంచిని అమరేష్ పెట్టెలోనే ఉంచమన్నాడు. మహజరులో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. డ్రైవరు ఒకడు, నడిమధ్యలో నిలబడినవాడు ఒకడు, మూల ఖాళీ.

మునిశామప్ప తోలాడు. పదహారు కిలోమీటర్ల మీద ముల్లు నిలిచాక అమరేష్ వెనక్కి తిరిగాడు. ఎడమవైపు ఏదో లేచింది. లేచినట్టే లేచి, కొసన తెల్లగా చిట్లి, నురగగా కూలిపోయింది. మళ్ళీ లేచింది. మళ్ళీ కూలింది. అతను జేబులోంచి ఫోటో తీసి పక్కన పెట్టి చూశాడు. పోలికే లేదు. ఆ నురగ మీద పిల్లి కూడా నిలబడలేదు.

వెనక్కి తలతిప్పిన మునిశామప్ప ఆ ఫోటో చూశాడు. "అది యాడిది సార్," అన్నాడు నోరెండిపోయి. "దాన్ని ఆయప్పకి చూపించొద్దు సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఏ అప్పకి?"

మునిశామప్ప బోటును మెల్లగా జెట్టీకి చేర్చి, తాడు కట్టి, గట్టెక్కి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

మూలన ఎవరో ఉన్నారు. అది తేలిపోయింది. కానీ ఎవరు? ఆదివారం రిసార్టులో గెస్టులు లేరు. ఆసామి బెంగళూరులోనే ఉన్నాడని అమరేష్ రెండు చోట్ల విచారించి తెలుసుకున్నాడు. ఆ మూలన ఎనభై కిలోల మనిషిని కూర్చోబెడితే అల ఫోటోలో లాగే నిలబడుతుందని ముందు రుజువు కావాలి. జీపు దగ్గరున్న కానిస్టేబుల్ బక్కపలచటి మనిషి. అయినా అతనైనా చాలు.

"మునిశామప్పకి చెయ్యి తిరగలేదు," అన్నాడు నందీశ్‌తో. "వాడు తోలినదాన్ని బట్టి నేనేమీ చెప్పలేను. ధనుంజయను తోలనీ. కావాలంటే కానిస్టేబుల్ని వెనక కూచోబెట్టు."

"ఒరే," నందీశ్ కానిస్టేబుల్‌ని పిలిచాడు. అంతలోనే చెయ్యి అడ్డం ఊపాడు. ధనుంజయనూ అమరేష్‌నూ నీళ్ళ మధ్యలో ఒకేచోట వదలడం, వాళ్ళ మాటలు వినడానికి ఒక కానిస్టేబుల్ ఉండడం అతనికి నచ్చలేదు. "వద్దులే. నువ్వు జీపు కాడే ఉండు. నేనే పోతాను."

దూరం నుంచి మునిశామప్ప లేచి నిలబడ్డాడు. ఏదో చెప్పబోయినట్టు నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకుని కూర్చున్నాడు.

బేడీ తీశాక ధనుంజయ మణికట్టు రుద్దుకుంటూ స్టీరింగు ముందు కూర్చున్నాడు. అమరేష్ నడిమధ్యలో నిలబడ్డాడు. నందీశ్ బూట్లు జెట్టీ మీదే విడిచి ఎక్కాడు. కుడివైపు సీటు మీద ఖాళీ సంచి తడిగా పరుచుకుని ఉంది. అతను ఇద్దరినీ చూడటానికి వీలుగా వెనక్కి వెళ్ళి, ఎడమ మూలలో కూర్చున్నాడు. నాలుగూ ముప్పై ఆరు అయింది.

బోటు నీళ్ళ నడుమకు చేరింది. కట్ట మీది జీపు అగ్గిపెట్టెంత అయింది. అమరేష్ ఫోన్ తీసి చూసుకున్నాడు. సిగ్నల్ గీతలు ఒక్కటీ లేవు.

"ధనుంజయా," అన్నాడు ఇంజను చప్పుడులో వినబడేంత గొంతుతో. "ఆదివారం తాగినావా?"

"తాగినాను అన్నా."

"ఎప్పుడు?"

"ఇన్‌స్పెక్టరు గారు రాసినారు గదా. అప్పుడే." ధనుంజయ తల తిప్పలేదు. అతని చేతులు మాత్రం చక్రం మీద పిచ్చుకను పట్టుకున్నంత మెత్తగా ఉన్నాయి.

"మాటలొద్దు. తోలు," అన్నాడు వెనక నుంచి నందీశ్.

ధనుంజయ వేగం పెంచే లివరు మీద చెయ్యి పెట్టాడు. ఇంకా ముందుకు తోయలేదు. అమరేష్ యథాలాపంగా వెనక్కి చూసిన క్షణం అది. నందీశ్ రెండు కాళ్ళూ నేల మీంచి పైకెత్తి ఎదుటి పెట్టె మీద పెట్టుకున్నాడు. ప్యాంటు అంచులు కూడా కొంచెం పైకి లాక్కున్నాడు. అప్పుడు ధనుంజయ లివరు తోశాడు. బోటు ముక్కు లేచింది. నిండా ఉన్న ఎడమ సంచి మూతి నుంచి నీళ్ళు భళ్ళున చిమ్మి ఆ మూల నేలంతా తడిసింది. అర నిమిషం ముందు నందీశ్ పాదాలు ఉన్నచోటనే.

ఇందాక మునిశామప్ప తోలినప్పుడు ఆ నీళ్ళు ఎప్పుడు చిమ్మాయో అమరేష్ చూడలేదు. కాళ్ళు తడిశాకే తెలిసింది. బోటు ఎన్నడూ ఎక్కని మనిషికి అది ముందుగా తెలియదు.

ముల్లు పదహారు మీద నిలిచింది.

అల లేచింది. ఈసారి చిట్లలేదు. ఎడమపక్క నుంచి నున్నగా, మెరుస్తూ, పొడుగ్గా లేచి, బోటు వెనకాలే ఎవరో ఈడ్చుకొస్తున్నట్టు కదలకుండా నిలబడిపోయింది. అమరేష్ జేబులోని ఫోటో బయటికి తీయలేదు. అవసరం లేకపోయింది. ఆ అల మీద లేనిది వీణ ఒక్కతే.

నందీశ్ పది నిమిషాల్లో ఇరవై రెండు కిలోమీటర్లు ఎలా వచ్చాడో అప్పుడు తెలిసింది. రాలేదు. ముందు నుంచీ ఇక్కడే ఉన్నాడు.

తెలిసినా లాభం లేదు. రుజువును చూసినవాళ్ళు ముగ్గురు. ఒకడు చేసినవాడు. ఒకడు ఒప్పుకుని సంతకం పెట్టినవాడు. మూడోవాడు తను, చేతిలో ఏ అధికారమూ లేనివాడు.

"చూసినావు గదా," అన్నాడు నందీశ్. అతనూ అలనే చూస్తున్నాడు. గొంతులో కోపం లేదు. అలసట ఉన్నట్టుంది. "నీ ముఖం చూస్తేనే తెలుస్తాది అమరేష్. ట్రైనింగులో కూడా పేకాట ఆడితే నీ ముఖంలోనే ముక్కలు కనపడ్తాండె."

"ఆదివారం ఈ మూలలో కూచున్నది నువ్వే."

"ఎవురు చెప్పినారు? నోటుబుక్కు నా కాడుండాది. కెమెరా సంగతి నాకు పొద్దున్నే తెలిసింది. మూడు గంటలకి మనవాడొకడు చింతామణికి పోయినాడు, ఈ పాటికి తెచ్చేసుంటాడు. సంచులు ఖాళీ చేస్తే ఈ అల కూడా ఉండదు. ఇంగేముండాది నీ కాడ?"

"ధనుంజయ ఉన్నాడు."

"అడుగు," అన్నాడు నందీశ్.

అమరేష్ ముందుకు వంగాడు. "ధనుంజయా, వెనక్కి తిప్పినప్పుడు స్టీరింగు ఎవరి చేతిలో ఉండె?"

ధనుంజయ భుజాలు బిగుసుకున్నాయి. బోటు మాత్రం గీత తప్పలేదు. "మా యమ్మ పొద్దున్నుంచీ ఠాణెలో ఉండాది అన్నా. అంజనమ్మ అని పేరు. షుగరు మాత్ర ఏసుకోనుందో లేదో తెలీదు. మీరు ఒడ్డుకి పోయినాక ఒకసారి చూడండన్నా."

అదే అతని జవాబు. ఆ తల్లి ఠాణె బెంచీ మీద, వీణ తల్లి చింతామణిలో ఫోన్ పక్కన. ఇద్దరికీ తను తీసుకెళ్ళగలిగింది ఏమీ లేదు.

"నేను చంపల్లని చంపలేదు," అన్నాడు నందీశ్ ఉన్నట్టుండి. "ఆ పిల్ల పడింది. ఎక్కించుకోవల్ల. ఒక్కసారి నేను తోల్తానంటిని. అంతే. లివరు వెనక్కి లాగితే ఏ బండైనా నిలబడతాది గదా. ఇది నిలబడలేదు. దీని అలే వెనక నించి వచ్చి దీన్ని తోసింది. నా తప్పేముండాది అందులో?"

"అదే మాట కోర్టులో చెప్పు. నీకూ శిక్ష తక్కువే పడ్తాది. వీడు బయటికి వస్తాడు."

నందీశ్ కొంచెంసేపు ఆలోచించినట్టే కనబడ్డాడు. వింటాడేమోనని అమరేష్ నిజంగానే ఆశపడ్డాడు.

"ఫోటో ఇట్లియ్యి," అన్నాడు నందీశ్, అతని చొక్కా జేబులోంచి కనబడుతున్న కవరువైపు చూస్తూ.

అమరేష్ కదలలేదు.

నందీశ్ మూలలోంచి లేచాడు. లేచీ లేవగానే బోటు కుడికి సర్దుకుంది. వెనకాల గాజుపలకలాంటి అల కొస తెల్లబడి, చిట్లి, నురగై కూలిపోయింది. అమరేష్ కళ్ళ ముందే రుజువంతా నీళ్ళలో కలిసిపోయింది. నందీశ్ రెండడుగుల్లో వచ్చి ధనుంజయ చొక్కా కాలరు పట్టి లేపాడు. ధనుంజయ ఎదురుతిరగలేదు. బేడీ ఒక కొస అతని మణికట్టుకు, ఇంకో కొస అద్దం కమ్మీకి పడింది. అంతా అర నిమిషం పట్టలేదు.

"నందీశ్, జెట్టీ ఆ పక్కనుండాది," అన్నాడు అమరేష్.

"తెలుసు."

స్టీరింగు ముందు కూర్చున్న నందీశ్ చక్రం అటు తిప్పలేదు. కట్ట కనబడని వైపుకు, దేవరగుట్ట బండలు నీళ్ళలోకి దిగే వైపుకు తిప్పాడు. అటువైపు దారి లేదు, మనుషులు లేరు. నీళ్ళ సంచుల బరువుతో ఒరిగిన బోటు మొదట మెల్లగా, తర్వాత ఒక్కసారిగా విసురుగా తిరిగింది. లివరు చివరిదాకా తోసేశాడు. ముల్లు ఇరవై దాటింది, ముప్పై దాటింది. బండలు పెద్దవవుతున్నాయి.

అమరేష్ లివరు అందుకోబోయాడు. నందీశ్ మోచెయ్యి గుండెల్లో తగిలి వెనక్కి, ఆ మూల సీటులోనే పడ్డాడు.

బేడీకి వేలాడుతున్న ధనుంజయ మొదటిసారి అతనివైపు తిరిగాడు.

"అన్నా," అన్నాడు, "ఏదన్నా గట్టిగా పట్టుకోండి. ఈయప్పకి ఇంగా నిలపడం రాదు."